శ్రుతిపద్ధతులు – వాటి పేర్లు

ఇంట హార్మోనియం గల శ్రోతలు ఒక చిన్న పరీక్ష చేయవచ్చును. తంబురాను చక్కగా శ్రుతిచేసి, ఆ నాదముతోపాటు హార్మోనియముపై అంతరగాంధారమును పలికించినచో, ఆ స్వరము ఒకింత హెచ్చుగా వినబడును. ఈ భేదమునకు కారణము వాద్యమును శ్రుతిచేసిన పద్ధతియే. ఇట్టి సర్దుబాటు పద్ధతులను పాశ్చాత్యులు 'టెంపరమెంట్లు' అందురు. వాటికి పేర్లెట్లు వచ్చినవో చూతము.

చిక్కంతయు లెక్కలో నున్నది. షడ్జమునకు పంచమము, ఆ పంచమమునకు మరల పంచమము, ఇట్లు పండ్రెండు మార్లు పోయినచో ఏడు స్థాయిల పైనున్న షడ్జమును చేరవలెను. కాని 531441 : 524288 నిష్పత్తిలో దానిని దాటిపోవుదుము. ఈ స్వల్పమైన మిగులునకు సంగీతశాస్త్రమున 'కామా' అని పేరు.

పంచమములను శుద్ధముగా నుంచి, ఆ మిగులును ఒక్కచోటనే వదలిన పద్ధతికి గ్రీకు తత్త్వవేత్త పైథాగరస్ పేరు పెట్టిరి. ఆయన స్వయముగా రచించిన గ్రంథమేదియు నేడు మనకు లేదు. పేరు మాత్రము నిలిచినది.

16వ శతాబ్దిలో ఐరోపావాసులు శుద్ధగాంధారమును కోరిరి. అందులో 9/8, 10/9 అను రెండు అసమానమైన అంతరములు కలవు. వాటికి బదులు నడిమి ప్రమాణము గల ఒకే అంతరమును గ్రహించిరి గనుక, ఆ పద్ధతి 'మీన్‌టోన్', అనగా మధ్యస్థాంతరము, అయినది. ఇందుకై పంచమములను తగ్గింపగా, చివర మిగిలిన ఒక్కటి మిక్కిలి హెచ్చి కర్ణకఠోరమయ్యెను. దాని కూతను విని 'తోడేలు' అనిరి!

జర్మనీలో వెర్క్‌మైస్టర్ 1691లో ప్రకటించిన ఒక పద్ధతి మిగులును నాలుగు పంచమములకు పంచినది. అది ఆయన పేరనే ప్రసిద్ధము. 1722లో బాఖ్ తన గ్రంథమునకు పెట్టిన పేరులో 'చక్కగా' సర్దిన వాద్యమని యున్నదే కాని, 'సమముగా' అని లేదు. చాలకాలము పలువురు ఈ రెంటిని ఒక్కటిగా భావించిరి.

పండ్రెండు పంచమములకు సమముగా పంచునదే 'ఈక్వల్ టెంపరమెంటు'. దాని లెక్కను చీనాలో జూ జైయూ 1584లో ప్రకటించెను. ఆ పద్ధతికి ఆయన పేరు రాలేదు.

1940లో ఆకాశవాణి హార్మోనియమును నిషేధించినది. 1971లో ఆ నిషేధము కొంత సడలినది. గమకములు పలుకకపోవుట ఒక ఆక్షేపణ. ఈ సమశ్రుతి మరియొకటి. సమమనగా శుద్ధమని కాదు. అందు స్థాయి తప్ప ఏ అంతరమును శుద్ధము కాదు. తంబురా ప్రక్కన మన చెవి పసిగట్టినది ఈ సంగతినే.