వార్ధక్యంలో వాహన చోదనం

గత కార్తిక మాసంలో ఒకనాటి రాత్రి తాడేపల్లిగూడెం నుండి భీమవరానికి నేనే కారు నడుపుకొంటూ వస్తున్నాను. ఎదురుగా వచ్చిన లారీ దీపాలకు కన్నులు చీకట్లు క్రమ్మాయి. తేరుకొనేసరికి రెండు మూరల దూరంలో సైకిలుపై ఒక మనిషి! దైవవశాన బ్రేకు పడింది. ఇంట్లో విషయం దాచలేకపోయాను. అబ్బాయి మారుమాటాడక తాళంచెవి తీసి బీరువాలో పెట్టాడు. నలభై ఏండ్లుగా ఇతరులకు పథ్యాలు చెప్పిన నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

కంటి వైద్యుడు పరీక్షించి రెండు కన్నులలోనూ శుక్లాలు ఆరంభమైనాయన్నాడు. శుక్లం ఉన్న కంటిలో వెలుతురు చెదరుతుంది. అందువల్ల పగలు బాగుగానే కనిపించినా, రాత్రి ఎదురు దీపాలకు చూపు నిలువదు. తేనె చుక్కలతో శుక్లం కరగదు. ముదిరితే శస్త్రచికిత్సయే మార్గం. ఆయుర్వేద వైద్యుడనై ఈ మాట వ్రాయడానికి నాకు సంకోచం లేదు. కఫజ లింగనాశానికి సుశ్రుతుడు చెప్పినదీ శస్త్రకర్మనే కదా!

అంతకంటే నన్ను సిగ్గుపరచినది నా మందుల అలమర. ఆనాటి మధ్యాహ్నం జలుబుకు వేసుకొన్న క్లోర్‌ఫెనిరమిన్ మాత్ర మత్తు కలిగిస్తుంది. నిద్రకు, రక్తపోటుకు వాడే సర్పగంధ మందకొడితనాన్ని, లేచి నిలిచినప్పుడు కన్నులు తిరగడాన్ని తేవచ్చు. భోజనానంతరం సేవించే అరిష్టాలలో పులియడం వల్ల పుట్టిన మద్యసారం ఉంటుంది. ఇది చాలామంది గృహస్థులకు తెలియదు. అరిష్టం సేవించి బండి ఎక్కరాదు. అయితే, రక్తపోటు మందులను మాత్రం స్వయంగా మానరాదు. వైద్యుని అడిగి వేళలు మార్చుకోవాలి.

ఆదివారం ఉదయం అబ్బాయిని ప్రక్కన కూర్చోబెట్టుకొని ఉండి దాకా నడిపాను. "నాన్నగారూ, మలుపులో మీరు మెడ త్రిప్పి చూడడం లేదు," అన్నాడు. నిజమే! వార్ధక్యంలో వాతం ప్రబలమై మెడ పట్టివేస్తుంది. అప్పటినుండి నువ్వులనూనె గోరువెచ్చగా మర్దించి, వేన్నీళ్ళ స్నానం చేసి, మెడను మెల్లగా ఇరువైపులా త్రిప్పుతున్నాను. కొంత సడలింది. త్రిప్పినప్పుడు తల తిరిగేవారు మాత్రం ఈ అభ్యాసం మాని వైద్యునికి చూపించుకోవాలి.

యాభై ఐదేండ్లు దాటాక లైసెన్సు ఐదేండ్లకే పునరుద్ధరిస్తారు. అందుకు వైద్యుడిచ్చే ధ్రువపత్రంలో, మంచి వెలుతురులో 25 మీటర్ల దూరాన కారు నెంబరు పలక పోల్చగలడా అనే ప్రశ్న ఉన్నది. ఐదేండ్లు ఆగడమెందుకు? మా వీధిలోనే దూరం కొలిచి నెలకొకసారి చూసుకొంటున్నాను.

తాళంచెవి తిరిగి నా చేతికి వచ్చింది, షరతులతో. చీకటి పడ్డాక, వానలో, జలుబు మాత్ర వేసుకొన్ననాడు నడపను. మా ఇంటావిడ ముందు సీటులో కూర్చుని, మెడ త్రిప్పని ప్రతిసారీ దగ్గుతుంది.