జెండా పాట ఒకటి, మోడల్ ధర ఒకటి: మిర్చి యార్డులో సగటు, మధ్యగతం, బాహుళకం

టెన్త్‌లో సాంఖ్యక శాస్త్రం చదువుతున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు, డిగ్రీలో స్టాటిస్టిక్స్ కొత్తగా తీసుకున్నవాళ్లు ఎక్కువగా అడిగే డౌట్ ఒకటుంది. "అన్నా, సగటు వచ్చాక మళ్లీ మధ్యగతం ఎందుకు, బాహుళకం ఎందుకు? ఒక్కటి చాలదా?" చాలదు. ఎందుకు చాలదో చూడాలంటే కల్లూరులో బండెక్కి తల్లాడ, వైరా మీదుగా ఖమ్మం మిర్చి యార్డుకి వెళ్దాం.

యార్డులో పొద్దున్నే జెండా పాట జరుగుతుంది కదా. మేలు రకం లాట్ ఒకదానికి ఖరీదుదారులు పాట పాడతారు. ఆ ధరే పేపర్లో వస్తుంది, వాట్సాప్‌లో తిరుగుతుంది. దాంతోపాటు ఇంకో రెండు అంకెలు కూడా ఇస్తారు: మోడల్ ధర, కనిష్ఠ ధర. ఈ "మోడల్" అనేదాన్ని చాలామంది "నమూనా ధర" అనుకుంటారు. కాదండీ. అది మోడ్ నుంచి వచ్చిన మోడల్, అంటే మన పుస్తకంలోని బాహుళకం. ఎక్కువ సరుకు ఏ ధరకి అమ్ముడైందో ఆ ధర అన్నమాట. పరీక్షలో రెండు మార్కుల కోసం బట్టీ పట్టే మాట రోజూ మన యార్డు ధరల్లోనే ఉంది!

ఇప్పుడు లెక్క చేద్దాం. ఇవి నిజం ధరలు కావు, నేను లెక్క కోసం అనుకున్నవి. ఒక రోజు 9 లాట్లు అమ్ముడయ్యాయి అనుకోండి. క్వింటా ధరలు పెద్దదాని నుంచి చిన్నదానికి రాసుకుందాం: 15,000, 13,000, 13,000, 13,000, 12,000, 11,000, 10,000, 7,000, 5,000. మొదటిది జెండా పాట లాట్, చివరిది తాలు కాయ.

అన్నీ కూడితే 99,000. 9తో భాగిస్తే సగటు 11,000. వరసలో సరిగ్గా నడుమ ఉన్నది, అంటే అయిదోది, 12,000. అది మధ్యగతం. ఎక్కువసార్లు వచ్చింది 13,000, అది బాహుళకం. అతి పెద్దదాంట్లోంచి అతి చిన్నది తీసేస్తే వ్యాప్తి, 10,000. మధ్యగతానికి ముందు ధరల్ని వరసలో పెట్టడం మర్చిపోవద్దు, మార్కులు పోయేది అక్కడే.

ఇక్కడ కొంచెం ఆగండి. జెండా పాట 15,000 కాకుండా 24,000 పలికింది అనుకుందాం. మిగతా ఎనిమిది మందికి పైసా కూడా పెరగలేదు. కానీ మొత్తం 1,08,000 అయి సగటు 12,000కి ఎక్కింది! మధ్యగతం అదే 12,000, బాహుళకం అదే 13,000, రెండూ కదల్లేదు. ఒక్క విపరీతమైన విలువ సగటుని లాగేస్తుంది, మిగతా రెండిటినీ అంత తేలిగ్గా లాగలేదు. నేను ఐటీలో ఉన్నప్పుడు కూడా ఇంతే, యావరేజ్ రెస్పాన్స్ టైమ్ ఒక్కటే చూసి సర్వర్ బాగుందని ఎవ్వరం అనేవాళ్లం కాదు.

రైతు వైపు నుంచి చూడండి. 50 బస్తాలు, బస్తాకి 40 కిలోలు వేసుకుంటే 20 క్వింటాళ్లు. జెండా పాట 15,000 అని విని బండి కట్టించుకుని పోతే, తీరా అక్కడ 12,000 పలికింది. తేడా 60,000 రూపాయలు. అది అప్పు తీర్చే డబ్బు, లేదా పిల్లల ఫీజు. 2017 ఏప్రిల్ 28న ధర పడిపోయిందని ఇదే యార్డులో రైతుల కోపం కట్టలు తెంచుకుంది, ఆఫీసు ధ్వంసమైంది. అందుకే, నా అభిప్రాయంలో, జెండా పాట కన్నా మోడల్ ధరని పెద్ద అక్షరాలతో వేయాలి. జెండా పాట అబద్ధం కాదు. కాకపోతే అది గరిష్ఠం, మధ్య విలువ కాదు.

మోడల్ ధర కూడా అన్నీ చెప్పేయదు. మన కాయ నాణ్యత ఎలా ఉందో దానికి తెలియదు. ధరలు ఎంత చెదిరి ఉన్నాయో కూడా చెప్పదు. అది చెప్పేది ప్రామాణిక విచలనం. ప్రతి ధరకీ సగటుకీ ఉన్న తేడాని వర్గం చేసి, ఆ వర్గాల సగటు కట్టి, వర్గమూలం తీయాలి. మన మొదటి 9 ధరలకి సుమారు 3,018 రూపాయలు వస్తుంది, వేసి చూసుకోండి. తొమ్మిదీ 11,000కే అమ్ముడైతే సున్నా. రెండు రోజుల సగటూ ఒకటే, కానీ రైతు పడే టెన్షన్ ఒకటేనా?

ఇక శాంపిల్. వ్యాపారి బస్తా విప్పి గుప్పెడు కాయ తీసి చూస్తాడు. గుప్పెడు శాంపిల్, మొత్తం సరుకు పాపులేషన్. పైపైన కాకుండా అడుగు నుంచి, పక్కల నుంచి, ఏ కాయకైనా సమాన అవకాశం ఉండేలా తీస్తే అది యాదృచ్ఛిక శాంపిల్. జెండా పాట లాట్ అలాంటిది కాదు, ఏరి పెట్టిన మంచి సరుకు. దాన్ని చూసి యార్డు మొత్తాన్ని అంచనా వేయలేం.

శాంపిల్ చూసి మొత్తాన్ని ఎంత కచ్చితంగా అంచనా వేయగలం, దానికి హద్దు ఎక్కడ అన్న ప్రశ్న మీద 1945లో గొప్ప పేపర్ రాసింది మన తెలుగాయనే, ఆంధ్రా యూనివర్సిటీలో చదివిన సి.ఆర్.రావు గారు. 2023లో ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ ఆయనకే వచ్చింది. ఆ హద్దు గురించి వేరే ఎపిసోడ్ చేస్తాను, ముందు మీకు విస్తృతి రావాలి.

హోమ్‌వర్క్: ఇంట్లో, పక్కింట్లో పాత తక్‌పట్టీలు ఉంటే ఓ అయిదారు అడిగి తీసుకోండి. పేర్లు వద్దు, ధర, బరువు చాలు. సగటు, మధ్యగతం కట్టండి. 2 క్వింటాళ్ల లాటూ 30 క్వింటాళ్ల లాటూ ఒకే లెక్కన కూడొచ్చా అని డౌట్ వస్తే కామెంట్లో పెట్టండి. దాన్నే భారిత సగటు అంటారు, వచ్చే వారం అదే చేద్దాం.