హక్కు వేరు, పథకం వేరు: ఆగిపోయిన స్కాలర్‌షిప్ చెప్పే పాఠం

మైనారిటీ విద్యార్థులకు కేంద్రం ఇచ్చే ప్రీ-మెట్రిక్ స్కాలర్‌షిప్ 2022-23 నుంచి 9, 10 తరగతులకే పరిమితమైంది. 1 నుంచి 8వ తరగతి వరకు చదివే పిల్లలకు ఆగిపోయింది. విద్యాహక్కు చట్టం కింద 8వ తరగతి వరకు ఉచిత చదువు ఎలాగూ ఉంది కదా అన్నది ప్రభుత్వం చెప్పిన కారణం.

హక్కుకూ పథకానికీ తేడా ఏంటో ఈ ఒక్క నిర్ణయంలోనే కనిపిస్తుంది.

స్కాలర్‌షిప్ ఒక పథకం. కుటుంబ ఆదాయం ఏడాదికి లక్ష దాటకూడదు, 50 శాతం మార్కులు రావాలి వంటి షరతులు ప్రభుత్వమే పెట్టింది. కాబట్టి పార్లమెంటుకు వెళ్లకుండానే దాన్ని కుదించగలిగింది. ఉచిత చదువు అలా కాదు. 2002లో 86వ సవరణతో 21-ఎ అధికరణగా రాజ్యాంగంలో చేరింది. 2009 చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు గవర్నమెంట్ బడిలో సీటు ఇవ్వం అంటే బతిమాలాల్సిన పని లేదు. హైకోర్టు దాకా వెళ్లి అడగొచ్చు.

మరి హక్కు ఎక్కడి నుంచి వస్తుంది? తెలుగులో "హక్కు" అనే మాటే అరబీ "హఖ్" నుంచి వచ్చింది. మన ఇళ్లలో ఈ ఆలోచన కొత్తది కాదు. మెహర్ భర్త చేసే మెహర్బానీ కాదు, భార్య హక్కు. జకాత్ కూడా ధనవంతుడి దయ కాదు, అతని సొమ్ములో పేదలకున్న వాటా. హఖ్ ఇచ్చేది అల్లాహ్ అని ముస్లింల నమ్మకం. అయితే ఆఫీసు కౌంటర్ దగ్గర పనికొచ్చేది మాత్రం రాజ్యాంగంలోనో, చట్టంలోనో రాసి ఉన్న హక్కే.

రేషన్ బియ్యానికి 2013 ఆహార భద్రత చట్టం ఉంది. తెలంగాణలో 2014లో మొదలైన షాదీ ముబారక్ మాత్రం పథకం. పథకమైనా సరే, అమల్లో ఉన్నంతకాలం అర్హులందరినీ సమానంగా చూడాల్సిందే. ఒకరికిచ్చి, అదే అర్హత ఉన్న ఇంకొకరికి కారణం లేకుండా ఆపితే 14వ అధికరణ కింద ప్రశ్నించొచ్చు.

స్కాలర్‌షిప్ పోవడం చిన్న నష్టమేమీ కాదు. ఫీజు లేకపోయినా ఆటో ఛార్జీ, నోట్‌బుక్కుల ఖర్చు ఇంటి మీదే పడుతుంది.

అయితే పథకం ఎప్పటికీ పథకంగానే ఉండిపోవాలనేమీ లేదు. మధ్యాహ్న భోజనమే ఉదాహరణ. అదీ మొదట పథకమే. ఆహార హక్కు కోసం వేసిన కేసులో, బడి పిల్లలకు వండిన భోజనం పెట్టాలని 2001లో సుప్రీంకోర్టు ఆదేశించింది. 2013 చట్టంతో అది పిల్లల హక్కు అయింది.

అందుకే ఏదైనా "ఆపేశారంట" అని వినగానే ముందు ఒక ప్రశ్న వేసుకోవాలి: ఇది జీవోతో వచ్చిందా, చట్టంతో వచ్చిందా? జీవో అయితే కొనసాగించమని అడగాలి, చట్టంగా మార్చమని కూడా అడగాలి. చట్టం అయితే మనది మనకు ఇవ్వమని అడగాలి.