పవర్ హౌస్‌లో పాలరాతి దేవతలు.. రోమ్‌లో అలా.. మరి మన హుస్సేన్‌సాగర్ పవర్ హౌస్ ఏమైంది?

రోమ్ అనగానే కొలోసియం, వాటికన్ గుర్తొస్తాయి. కానీ అక్కడి ఓస్టియెన్సే వీధిలో ఓ పాత పవర్ హౌస్ కూడా చూడాల్సిందే. పేరు సెంట్రాలే మోంటెమార్టిని. లోపల నల్లటి డీజిల్ ఇంజిన్ల ముందు తెల్లటి పాలరాతి దేవతలు కొలువై ఉంటారు. మూతపడ్డ కరెంటు కేంద్రంలోకి రెండు వేల ఏళ్ల నాటి విగ్రహాలు ఎలా వచ్చాయి?

ఓటేసి తెచ్చుకున్న కరెంటు

ఒకప్పుడు రోమ్‌లో కరెంటు సరఫరా ప్రైవేటు కంపెనీ చేతిలో ఉండేది. ఎర్నెస్టో నాథన్ మేయర్‌గా ఉన్నప్పుడు, 1909లో దీనిపై రెఫరెండం పెట్టారు. కరెంటు, ట్రామ్‌లు నగరపాలక సంస్థే నడపాలని ఓటర్లు తేల్చి చెప్పారు. అలా 1912లో ఈ కేంద్రం మొదలైంది. పక్కనే టైబర్ నది ఉండటంతో నీళ్లకు కొదవ లేదు. నగరంలోని వీధి దీపాల్లో దాదాపు సగానికి ఇక్కడి నుంచే కరెంటు వెళ్లేది. ఈ పథకం కోసం పట్టుబట్టిన ఆర్థికవేత్త జొవాన్ని మోంటెమార్టిని 1913లో చనిపోవడంతో ఆయన పేరే పెట్టారు.

తాత్కాలికంగా వచ్చి..

పాతబడిన ఈ కేంద్రం 1963లో ఆగిపోయింది. చాలా ఏళ్లు అలాగే పడి ఉంది. ఆ తర్వాత విద్యుత్ సంస్థే దాన్ని బాగు చేయించింది. సరిగ్గా అప్పుడే కాపిటోలిన్ మ్యూజియంలో మరమ్మతులు మొదలయ్యాయి. అక్కడి విగ్రహాలు పెట్టడానికి చోటు కావాలి. దీంతో 1997లో సుమారు 400 శిల్పాలను ఇక్కడికి తరలించి 'యంత్రాలు, దేవతలు' పేరుతో ప్రదర్శన పెట్టారు. జనానికి తెగ నచ్చేసింది. కొన్ని విగ్రహాలు తిరిగి వెళ్లిపోయినా మ్యూజియం మాత్రం శాశ్వతంగా నిలిచిపోయింది.

ఇక్కడ అసలు విషయం ఏంటంటే.. యంత్రాలను తీసేయలేదు. 1933 నాటి 7,500 హార్స్‌పవర్ డీజిల్ ఇంజిన్లు రెండూ అక్కడే ఉన్నాయి. పెద్ద బాయిలర్ కూడా ఉన్నచోటే ఉంది. కరెంటు ఎలా పుట్టేదో చూసేవాళ్లకు ఇట్టే అర్థమవుతుంది.

మరి మన దగ్గర?

హైదరాబాద్‌లోనూ ఇలాంటి చరిత్రే ఉంది. నిజాం కాలంలో, 1920లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున థర్మల్ పవర్ స్టేషన్ కట్టారు. నగరానికి వెలుగులిచ్చిన ఆ కేంద్రాన్ని మూతపడ్డాక, 1990ల్లో కూల్చేశారు. ఇప్పుడు అక్కడ ఎన్టీఆర్ గార్డెన్స్ ఉంది. పిల్లలు ఆడుకుంటున్నారు, కుటుంబాలు సేదతీరుతున్నాయి. స్థలం అక్కరకొచ్చింది, కాదనలేం. కానీ అక్కడ నిలబడి 'మన ఊరికి కరెంటు ఇక్కడి నుంచే వచ్చేది' అని పిల్లలకు చూపిద్దామంటే ఒక్క యంత్రం కూడా ఎదురుగా లేదు.

రోమ్ చేసింది పెద్ద మాయేమీ కాదు. కూల్చే ముందు 'ఇది ఇంకా దేనికైనా పనికొస్తుందా?' అని ఆలోచించింది. మూతపడుతున్న ప్రతి పాత కేంద్రం దగ్గరా మనమూ వేసుకోవాల్సిన ప్రశ్న అదే.