లోపానికీ ఓ దిక్కుంది

వజ్రంలో ఒక కార్బన్ పరమాణువు చోట నైట్రోజన్ చేరి, దాని పక్క చోటు ఖాళీగా మిగిలిపోతే ఆ జంటను నైట్రోజన్-వేకెన్సీ కేంద్రం, పొట్టిగా ఎన్‌వీ అంటారు. ఆకుపచ్చ లేజర్ వేస్తే ఇది ఎర్రగా వెలుగుతుంది. ఎంత వెలుగుతుందనేది లేజర్ బలం ఒక్కదాన్నిబట్టే తేలదు. మామూలు కాంతి అన్ని వైపులా కంపిస్తుంది, ధ్రువిత కాంతి ఒకే వైపు. ఆ కంపనం ఎన్‌వీ అక్షానికి, అంటే నైట్రోజన్‌ను ఖాళీతో కలిపే గీతకు, అడ్డంగా ఉంటే కేంద్రం కాంతిని పీల్చుకుంటుంది. అక్షం వెంటే ఉంటే దాదాపు పట్టించుకోదు. వజ్రంలో ఈ అక్షాలు నాలుగు దిక్కుల్లోనే ఉండగలవు. అందుకే ధ్రువణ దిశను తిప్పుతూ వెలుగు హెచ్చుతగ్గులు గమనిస్తే, ఒక్క పరమాణువంత ఖాళీ ఎటు తిరిగి ఉందో అంచనాకు అందుతుంది! ఒంటరి ఎన్‌వీని మొదటిసారి ఇలా వెలుగులో పట్టుకున్నది 1997లో, జర్మనీలో.

ఈ కేంద్రాలు అతి సున్నితమైన అయస్కాంత కొలమానాలు కూడా. అక్షం వెంట అయస్కాంత క్షేత్రం ఒక మిల్లీటెస్లా మారితే అవి స్పందించే మైక్రోవేవ్ పౌనఃపున్యం సుమారు 28 మెగాహెర్ట్జ్ జరుగుతుంది. ఇక మన దేశానికొస్తే, కేంద్ర ప్రభుత్వం 2023లో 6,003 కోట్ల రూపాయలతో ఆమోదించిన జాతీయ క్వాంటమ్ మిషన్‌లో క్వాంటమ్ పదార్థాలు, పరికరాల హబ్ ఐఐటీ ఢిల్లీకి దక్కింది.

కాంతి ఇలాంటి స్ఫటిక లోపాన్ని చూపడమే కాదు, తిప్పేస్తుంది కూడా. పొలాల్లో చల్లే పొటాష్‌లో ఉండే పొటాషియం క్లోరైడ్‌నే శుద్ధ స్ఫటికంగా పెంచి ఎక్స్ కిరణాలు సోకిస్తే ఊదారంగుకు తిరుగుతుంది. అందులో రెండేసి ఖాళీలు జతకట్టిన ఎమ్ కేంద్రాలు పుడతాయి. తగిన రంగు ధ్రువిత కాంతిని వేస్తూ ఉంటే, దాన్ని పీల్చే దిక్కులో ఉన్నవి క్రమంగా పక్కకు తిరిగి, ఆ కాంతి అంటని దిక్కులో పోగవుతాయి. నాకు అన్నిటికన్నా అబ్బురంగా తోచేది ఇదే.

ధ్రువిత కాంతి కథలో మన కృష్ణా జిల్లా బిడ్డ ఉన్నాడు. 1909లో పుట్టిన సూరి భగవంతం 1930లో వజ్రం రామన్ వర్ణపటంపై పత్రాలు ప్రచురించారు. మరుసటి ఏడు సి.వి. రామన్‌తో కలిసి, చెదిరిన కాంతి ధ్రువణాన్ని కొలిచి ఫోటాన్‌కు స్పిన్ ఉందని చూపారు. అప్పటికి ఆయనకు ఇరవై రెండేళ్లు నిండాయో లేదో! 1961లో రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారుగా ఢిల్లీ వచ్చి 1969 దాకా పనిచేశారు. అక్కడి తిమార్‌పూర్‌లోని రక్షణ పరిశోధనశాల సాలిడ్ స్టేట్ ఫిజిక్స్ లేబరేటరీ 1962లో, ఆయన హయాంలోనే మొదలైంది. ఆయన కథ మన పాఠ్యపుస్తకాల్లో ఇంకాస్త పెద్దగా ఉండాలి.

ధ్రువిత కాంతి చేసే వింతను ఇంట్లోనే చూడొచ్చు. ల్యాప్‌టాప్‌లో తెల్ల తెర తెరిచి, దాని ముందు పారదర్శక ప్లాస్టిక్ స్కేలు పెట్టి, పోలరాయిడ్ చలువ కళ్లద్దాలు తిప్పుతూ చూడండి. స్కేలులో ఇంద్రధనుస్సు రంగులు పాకుతాయి. అచ్చులో పోసినప్పుడు లోపల మిగిలిన ఒత్తిడి ఆనవాళ్లవి. రత్న పరీక్షకులు వజ్రాన్ని కూడా ఒకదానికొకటి అడ్డంగా తిప్పిన రెండు ధ్రువకాల (పోలరాయిడ్ పలకల) మధ్య పెడతారు. ఏ ఒత్తిడీ లేని వజ్రమైతే చీకటిగానే ఉండిపోవాలి. నైట్రోజన్ దాదాపు లేని టైప్ 2ఏ రకంలో మాత్రం చాప అల్లికలాంటి గీతలు తేలుతుంటాయి.

గోల్కొండ గనుల పేరు మోసిన రాళ్లలో చాలా వరకు ఈ రకమే. 1739లో నాదిర్ షా ఢిల్లీ నుంచి దోచుకుపోయిన దర్యా-ఇ-నూర్ లేత గులాబీ వజ్రం, నేడు టెహ్రాన్‌లో ఉంది. ఇలాంటి గులాబీ వజ్రాల్లో అత్యధికం రంగు తెచ్చుకునేది భూగర్భంలో స్ఫటికం వంగినప్పుడు పుట్టిన లోపాల వల్లే. అవి 550 నానోమీటర్ల దగ్గరి ఆకుపచ్చ కాంతిని మింగేస్తాయి.