ఆటోనగర్ పక్క ఫ్లాట్.. ఓనర్ అడిగింది 52 లక్షలు, బ్యాంక్ లెక్క 44 లక్షలు.. ఈ తేడా ఎక్కడి నుంచి వస్తుంది?

గాజువాక, ఆటోనగర్, కూర్మన్నపాలెం, శీలానగర్.. ఈ బెల్ట్‌లో ఫ్లాట్ అమ్మకానికి పెట్టిన ఏ ఇంట్లో అడిగినా దాదాపు ఒకటే మాట. "పార్టీ వచ్చింది, నచ్చింది అన్నారు, టోకెన్ కూడా ఇచ్చారు. బ్యాంక్ వాల్యూయేషన్ దగ్గర ఆగిపోయింది."

అక్కడి నుంచి గొడవ మొదలు. అమ్మేవాళ్లకు వాల్యూయర్ మీద కోపం. కొనేవాళ్లకు ఓనర్ ఎక్కువ చెప్పి మోసం చేశాడేమోనని అనుమానం. మధ్యవర్తికి కమీషన్ పోతుందని టెన్షన్. మార్కెట్ స్పీడ్‌గా ఉన్నప్పుడు ఇవేవీ బయటికి రావు, ఎవరో ఒకరు చేతి డబ్బు వేసుకుని పని కానిచ్చేస్తారు. మార్కెట్ నెమ్మదించినప్పుడే అసలు రేటెంత అనే ప్రశ్న వస్తుంది.

నిజానికి ఒకే ఫ్లాట్‌కి ఒకటి కాదు, కనీసం నాలుగు రేట్లు ఉంటాయి. ఓనర్ మనసులో ఉన్నది ఒకటి. రిజిస్ట్రేషన్ శాఖ పుస్తకంలో ఉన్న మార్కెట్ వాల్యూ, అంటే జనం గవర్నమెంట్ వాల్యూ అని పిలిచేది, రెండోది. బ్యాంక్ ప్యానెల్ వాల్యూయర్ రాసేది మూడోది. కొనేవాడు నిజంగా తెచ్చి ఇవ్వగలిగింది నాలుగోది. అమ్మకం జరిగేది ఆ నాలుగో రేటుకే. మిగతా మూడూ దాన్ని పైకో కిందకో లాగుతుంటాయి.

8 లక్షల తేడా.. కొనేవాడి జేబుకి ఎంత?

లెక్క అర్థం కావడానికి ఒక ఉదాహరణ. ఓనర్ 52 లక్షలు చెప్పాడు, కొనేవాళ్లు సరే అన్నారు. ఆర్‌బీఐ రూల్ ప్రకారం 30 లక్షల వరకు హోమ్ లోన్ అయితే ఆస్తి విలువలో 90 శాతం దాకా, 30 నుంచి 75 లక్షల లోన్ అయితే 80 శాతం దాకా, ఆపైన 75 శాతం దాకా బ్యాంక్ ఇవ్వొచ్చు. కాబట్టి 52లో 80 శాతం, అంటే 41.6 లక్షలు లోన్ వస్తుందని, చేతి నుంచి 10.4 లక్షలు పెడితే చాలని కొనేవాళ్ల లెక్క.

వాల్యూయర్ వచ్చి 44 లక్షలు రాశాడు. అగ్రిమెంట్ రేటు, వాల్యూయేషన్.. ఈ రెండింట్లో ఏది తక్కువైతే దాని మీదే బ్యాంక్ లెక్క కడుతుంది. 44లో 80 శాతం 35.2 లక్షలు. ఇప్పుడు చేతి నుంచి పెట్టాల్సింది 16.8 లక్షలు. ఒక్క రిపోర్ట్‌తో 6.4 లక్షలు అదనం.

ఇక్కడితో అయిపోలేదు. ఏపీలో స్టాంప్ డ్యూటీ 5 శాతం, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5 శాతం, రిజిస్ట్రేషన్ ఫీజు 1 శాతం. మొత్తం 7.5 శాతం. 52 లక్షల మీద అది 3.9 లక్షలు. ఇలాంటి ఇళ్లకు ఈ ఖర్చుని బ్యాంక్ ఆస్తి విలువలో కలపదు. అంటే మొత్తం 20.7 లక్షలు రెడీగా ఉంటే తప్ప ఆ కుటుంబం ఇంట్లోకి రాలేదు. నెల జీతం మీద బతికే ఇంట్లో ఒక్కసారిగా ఆరేడు లక్షలు పుట్టించడం మాటలు కాదు. అందుకే వెనక్కి వెళ్లిపోతారు. "బేరం నచ్చక పోయారు" అని ఓనర్ అనుకుంటాడు గానీ, చాలాసార్లు కారణం ఇదే.

వాల్యూయర్ ఎందుకు తక్కువ రాస్తాడు?

ఆయన చూసేది ఇంటి అందం కాదు, కాగితాలు. చుట్టుపక్కల ఈ మధ్య రిజిస్టర్ అయిన దస్తావేజుల్లో రేటెంత, బిల్డింగ్ వయసెంత, స్థలంలో అవిభాజ్య వాటా ఎన్ని గజాలు, ప్లాన్‌కి కట్టడానికి తేడా ఉందా, రేపు బ్యాంకే దీన్ని అమ్మాల్సి వస్తే ఎంతొస్తుంది.. ఇవీ ఆయన ప్రశ్నలు. అందుకే చాలా బ్యాంక్ రిపోర్టుల్లో మార్కెట్ విలువ పక్కనే ఇంకో రెండు అంకెలు కూడా కనిపిస్తాయి. చేతికి వచ్చే విలువ ఒకటి, అర్జెంటుగా అమ్మితే వచ్చే విలువ ఇంకొకటి.

ఇందులో ఎవరూ పైకి మాట్లాడని విషయం ఒకటుంది. మన దగ్గర ఏళ్ల తరబడి ఇళ్లు అమ్మిన రేటు వేరు, కాగితం మీద రాయించిన రేటు వేరు. 45 లక్షలకు అమ్మి, 28 లక్షలకు రిజిస్ట్రేషన్ చేయించి, మిగతాది చేతికి తీసుకున్న అపార్ట్‌మెంట్లు ఎన్నో. ఇప్పుడు అదే అపార్ట్‌మెంట్‌లో పై ఫ్లోర్ ఓనర్ 52 అడుగుతున్నాడు. వాల్యూయర్ ఈసీ తీస్తే కింద ఫ్లాట్ అమ్మిన రేటు 28 లక్షలు అని కనిపిస్తుంది. "అసలు 45 ఇచ్చారండీ" అంటే ఆయన రిపోర్ట్‌లో రాయలేడు. స్టాంప్ డ్యూటీ మిగిలిందని అప్పుడు సంతోషించిన వాళ్లకే, తమ ఫ్లాట్ అమ్మేటప్పుడు పాత దస్తావేజులు అడ్డం తిరుగుతున్నాయి. ఇందులో వాల్యూయర్ తప్పు వెతకడం కష్టం.

వయసు సంగతి చూద్దాం. ఆర్‌సీసీ బిల్డింగ్‌కి సాధారణంగా 60 ఏళ్ల ఆయుష్షు లెక్క. 20 ఏళ్ల అపార్ట్‌మెంట్ అయితే అందులో మూడో వంతు అయిపోయినట్టే. ఆ తగ్గింపు కట్టడం విలువ మీద పడుతుంది. స్థలం విలువ మాత్రం పెరుగుతుంది, కానీ ఫ్లాట్ ఓనర్‌కి దక్కేది తన వాటా గజాలకే. అపార్ట్‌మెంట్ ఎంత ఇరుకైన స్థలంలో లేస్తే ఆ వాటా అంత తక్కువ. మొన్న చేయించిన కబోర్డులు, ఫాల్స్ సీలింగ్, మాడ్యులర్ కిచెన్‌కి పెట్టిన 6 లక్షలు ఓనర్‌కి గుర్తుంటాయి. రిపోర్ట్‌లో మాత్రం వాటికి దక్కేది చాలా తక్కువ.

ప్లాన్‌లో లేని పై అంతస్తు, మూసేసిన బాల్కనీ, సెట్‌బ్యాక్‌లో కట్టిన గది.. వీటిని చాలా బ్యాంకులు లెక్కలోకి తీసుకోవు. బీపీఎస్ కింద క్రమబద్ధీకరణ జరిగి ఉంటే ఆ ప్రొసీడింగ్స్ కాపీ ఫైల్‌లో ఉండాలి. ఇక స్థలం హక్కుల సంగతి. గాజువాకలో హౌస్ కమిటీ స్థలాలు, స్టీల్ ప్లాంట్ నిర్వాసితుల కాలనీల స్థలాల కాగితాల చిక్కులు ఇక్కడివాళ్లకు కొత్త కాదు. సర్వే నంబర్ 22-ఎ నిషేధిత జాబితాలో ఉంటే రేటు తగ్గించినా ప్రయోజనం లేదు. ముందు రిజిస్ట్రేషనే ఆగుతుంది.

ఉక్కు కబురు ఒకటైతే, గూగుల్ కబురు ఇంకోటి

ఈ ప్రాంతం ఇళ్ల రేట్లు స్టీల్ ప్లాంట్ జీతాల మీద పెరిగినవి. 2021 జనవరి 27న ప్లాంట్‌లో వంద శాతం పెట్టుబడుల ఉపసంహరణకు కేంద్రం సూత్రప్రాయంగా ఓకే చెప్పినప్పటి నుంచి కూర్మన్నపాలెంలో ఆందోళనలు చూశాం. 2024లో జీతాలు విడతలుగా పడ్డాయి. 2025 జనవరిలో రూ.11,440 కోట్ల ప్యాకేజీ వచ్చింది. ఆ తర్వాత వీఆర్ఎస్‌లు, కాంట్రాక్ట్ కార్మికుల తొలగింపులు. ఇల్లు కొనడమంటే 20 ఏళ్ల ఈఎంఐకి సంతకం పెట్టడం. రేపటి జీతం మీద నమ్మకం లేనివాడు ఆ సంతకం వాయిదా వేస్తాడు. ప్లాంట్ ఆర్డర్ల మీద నడిచే ఆటోనగర్ షెడ్ల ఓనర్లదీ, అందులో పనిచేసే వాళ్లదీ అదే పరిస్థితి.

మరోవైపు సెల్లర్ ఫోన్‌లో కనిపించే వార్తలు వేరు. గూగుల్ డేటా సెంటర్, స్టీల్ ప్లాంట్ నుంచి కొమ్మాది దాకా మెట్రో ప్లాన్, భోగాపురం ఎయిర్‌పోర్ట్. "వైజాగ్ రేట్లు ఆగవు" అని మధ్యవర్తి కూడా ఊదరగొడతాడు. కానీ భోగాపురం ఉన్నది సిటీకి ఉత్తరాన, విజయనగరం జిల్లాలో. ఆటోనగర్ దక్షిణాన. ఎయిర్‌పోర్ట్ పేరు చెప్పి మధురవాడలో పెరిగిన రేటు పాత గాజువాకలోని 20 ఏళ్ల ఫ్లాట్‌కి దానంతట అదే రాదు. వాల్యూయర్ హెడ్‌లైన్ చూసి రేటు వేయడు. ఆ హెడ్‌లైన్ వల్ల పక్క ఫ్లాట్ నిజంగా ఎక్కువకి రిజిస్టర్ అయితే అప్పుడు వేస్తాడు.

రిపోర్ట్ తప్పు అనిపిస్తే?

వాల్యూయర్ ఎప్పుడూ కరెక్ట్ అని కాదు. ఏరియా తప్పు వేయడం, కార్ పార్కింగ్ వదిలేయడం, మెయిన్ రోడ్డు ఫ్లాట్‌ని లోపలి వీధి దస్తావేజులతో పోల్చడం లాంటివి జరుగుతాయి. అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఇది తెలిసిన విషయమే, అక్కడ అప్రైజల్ తక్కువొస్తే మళ్లీ పరిశీలించమని ఆధారాలతో అడిగే పద్ధతి ఉంది. ఇక్కడ అందరికీ ఒకే ఫారం అంటూ లేదు. అయినా అడగొచ్చు.

ఒక చిక్కు ఏంటంటే, రిపోర్ట్ బ్యాంక్ కోసం రాసింది, ఫీజు కట్టేది కొనేవాళ్లు. అమ్మేవాళ్ల చేతికి సాధారణంగా అది రాదు. కాబట్టి కొనేవాళ్ల ద్వారానే అడగాలి. మొదట చూడాల్సింది కొలతలు. దస్తావేజులో ఎంత, ప్లాన్‌లో ఎంత, రిపోర్ట్‌లో ఎంత. తర్వాత గత ఏడాదిలో అదే అపార్ట్‌మెంట్‌లోనో పక్క వీధిలోనో మంచి రేటుకి రిజిస్టర్ అయిన రెండు మూడు దస్తావేజుల వివరాలు. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో ఈసీ, యూనిట్ రేట్లు దొరుకుతాయి. సర్టిఫైడ్ కాపీకి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో అప్లై చేసుకోవచ్చు. వీటిని లెటర్‌తో జతచేసి బ్రాంచ్‌లో ఇచ్చి, ప్యానెల్‌లోని ఇంకో వాల్యూయర్‌తో చూపించమని కోరవచ్చు. ఒప్పుకోవడం బ్యాంక్ ఇష్టం. లేదంటే కొనేవాళ్లు ఇంకో బ్యాంక్‌కి వెళ్లడమే. "మా ఏరియాలో రేటు ఇంతే సార్" అని వాదిస్తే మాత్రం రిపోర్ట్‌లో రూపాయి మారదు.

అసలు తెలివైన పని అమ్మకానికి పెట్టకముందే సొంత ఖర్చుతో ఒక రిజిస్టర్డ్ వాల్యూయర్‌ని పిలిపించుకోవడం. బ్యాంక్ దాన్ని అంగీకరించాలని లేదు. కానీ ఎక్కడ తగ్గుతుందో ఓనర్‌కి ముందే తెలిసిపోతుంది.

గవర్నమెంట్ వాల్యూ కంటే తక్కువకి అమ్మితే..

నెమ్మదించిన మార్కెట్‌లో ఇంకో తలనొప్పి ఇది. ఏపీలో సవరించిన మార్కెట్ వాల్యూలు 2025 ఫిబ్రవరి 1 నుంచి అమల్లోకి వచ్చాయి. పుస్తకంలో రేటు పెరిగింది, బయట పాత ఫ్లాట్‌కి పార్టీ లేదు. అప్పుడేం జరుగుతుంది?

గవర్నమెంట్ వాల్యూ 48 లక్షలున్న ఫ్లాట్‌ని నిజంగానే 42కి అమ్మారనుకుందాం. రిజిస్ట్రేషన్ ఖర్చు 48 మీదే కట్టాలి. ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్లు 10 శాతం తేడా వరకు పట్టించుకోరు. 42కి 10 శాతం కలిపితే 46.2. గవర్నమెంట్ వాల్యూ అది దాటింది కాబట్టి, అమ్మినవాళ్లు 48కే అమ్మినట్టు లాభం లెక్కకడతారు. కొన్నవాళ్లకు ఆ 6 లక్షల తేడా ఆదాయం కింద కలుస్తుంది. అదే 44కి అమ్మితే 10 శాతంతో 48.4 అవుతుంది, ఇద్దరికీ ఇబ్బంది లేదు. ఆఖరి బేరంలో ఒకటి రెండు లక్షల దగ్గర ఈ గీత చూసుకోకపోతే తర్వాత నోటీసులు వస్తాయి.

నిజంగానే ఆస్తి అంత విలువ చేయదంటే దారి ఉంది. స్టాంపు చట్టం 47-ఎ కింద విలువ నిర్ధారణకు పంపమని రిజిస్ట్రేషన్ దగ్గర కోరవచ్చు. ట్యాక్స్ విషయంలో అయితే డిపార్ట్‌మెంట్ వాల్యుయేషన్ ఆఫీసర్‌కి పంపమని అడిగే వీలుంది. టైమ్ పడుతుంది, తిరగాలి.

ఆగితే పెరుగుతుందా?

"తొందరేం లేదు, 50 వచ్చేదాకా ఆగుతా" అనే ఓనర్లు చాలామంది. ఆగొచ్చు. కానీ ఇవాళ 44కి అమ్మి ఆ డబ్బు 6.5 శాతం వడ్డీకి ఫిక్స్‌డ్ డిపాజిట్ చేస్తే రెండేళ్లకు దాదాపు 49.9 లక్షలవుతుంది, ట్యాక్స్ పక్కన పెడితే. అంటే ఖాళీగా ఉన్న ఫ్లాట్‌ని రెండేళ్లు ఆపి 50కి అమ్మడంలో మిగిలేది ఏమీ లేదు. పైగా మెయింటెనెన్స్, జీవీఎంసీ పన్ను అదనం. మంచి అద్దె వస్తుంటే లెక్క మారుతుంది, అప్పుడు ఆగడంలో అర్థముంది. షెడ్ మీద బ్యాంక్ అప్పు తీర్చడానికో, అమ్మాయి పెళ్లికో ఇల్లు అమ్ముతున్న వాళ్లకైతే ప్రతి నెలా వడ్డీ రూపంలో రేటు తగ్గుతున్నట్టే.

అడ్వాన్స్ గొడవలు రాకుండా అగ్రిమెంట్‌లో ఒక లైన్ రాయించుకోవడం మంచిది. వాల్యూయేషన్ ఫలానా అంకె కంటే తగ్గితే రేటు మళ్లీ మాట్లాడుకోవాలా, అడ్వాన్స్ ఎన్ని రోజుల్లో వెనక్కివ్వాలి అనేది స్పష్టంగా ఉండాలి. అడ్వాన్స్ 20 వేలు, ఆపైన క్యాష్‌లో తీసుకుంటే అంతే మొత్తం పెనాల్టీ పడే ప్రమాదం ఉంది కాబట్టి బ్యాంక్ ద్వారానే తీసుకోవాలి. రేటు 50 లక్షలు, ఆపైన అయితే కొనేవాళ్లు 1 శాతం టీడీఎస్ పట్టుకుని కట్టాలి. ఫ్లాట్ అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్న అబ్బాయి పేరు మీద ఉంటే ఈ 1 శాతం రూల్ వర్తించదు. ఎన్నారైలకు టీడీఎస్ రేటు చాలా ఎక్కువ, రేటు ఎంత తక్కువైనా పట్టాల్సిందే. తక్కువ పట్టేలా సర్టిఫికెట్ కోసం ఎన్నారై ముందుగానే ఇన్‌కమ్ ట్యాక్స్ శాఖకు అప్లై చేసుకోవాలి. అది చేతికి వచ్చాకే రిజిస్ట్రేషన్ డేట్ పెట్టుకుంటే ఇద్దరికీ సుఖం.