జీర్ణోద్ధరణ: ఒక మాట, కొన్ని గోడలు

పాత కట్టడాన్ని బాగుచేయడానికి మన భాషలో ‘జీర్ణోద్ధరణ’ అనే మంచి మాట ఉంది. శిథిలమైనదాన్ని నిలబెట్టడమని అర్థం. కాని ఆ పేరుమీదనే రాతిస్తంభాలకు ఎనామిల్ రంగులు పూయడం, అరిగిన బండలు పీకి గ్రానైటు పలకలు పరచడం చూస్తున్నాము. ఉద్ధరణ మిగిలి, జీర్ణమైన ఆ వస్తువే మాయమవుతున్నది.

బెంగళూరులో చదువుకుంటున్న మీరు కబ్బన్ పార్కు దగ్గరి ఎర్రని హైకోర్టు భవనాన్ని చూసే ఉంటారు. దాని పాత పేరు అఠారా కచేరి. అఠారా అంటే ఉర్దూలో పద్దెనిమిది; అన్ని సర్కారు శాఖలు అందులో నడిచేవి. 1831 నుంచి టిప్పు వేసవి మహలులో ఉన్న కచేరీలు 1868లో ఇక్కడికి మారాయి. 1980వ దశకంలో దీనిని కూల్చే ప్రయత్నం జరిగినప్పుడు పౌరులు ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. తానున్న గోడల గతి ఏమిటన్న ప్రశ్న ఒక న్యాయస్థానం ముందుకే రావడం అరుదు. భవనం దక్కింది.

టిప్పు ఆయుధాగారం కథ వేరు. మైసూరు రైలుమార్గం జంట చేయడానికి అది అడ్డు వచ్చింది. 2017లో సుమారు వెయ్యి టన్నుల ఆ కట్టడాన్ని ఊడదీయకుండా జాకీలతో ఎత్తి, దాదాపు వంద మీటర్లు జరిపారు. మెచ్చుకోదగిన పనే. అయినా ఆయుధాగారాన్ని అక్కడే ఎందుకు కట్టారన్న ప్రశ్నకు జవాబు పాత చోటులోనే ఉండిపోయింది.

కూల్చివేత అందరికీ కనిపిస్తుంది. కనిపించని చేటు సిమెంటు వల్ల జరుగుతుంది. పాత ఇటుక గోడలు సున్నంతో కట్టినవి. ఇసుక కలిపి గానుగలో నూరిన ఆ సున్నాన్ని మన మేస్త్రీలు డంగుసున్నం అంటారు. పైపూత గార, కన్నడంలోనూ అది ‘గారె’యే. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని మెల్లమెల్లగా రాయిగా గట్టిపడుతుంది. అందులో సన్నని రంధ్రాలుంటాయి కనుక గోడలో చేరిన తేమ బయటికి పోతుంది. పైన సిమెంటు పూస్తే ఆ దారి మూసుకుపోతుంది. తేమ లోపలే నిలిచి, ఉప్పు పేరుకొని, ఇటుక పొడిగా రాలుతుంది. పైకి నున్నగా ఉంటుంది, లోపల గుల్ల. మా పాత ఇంటి గోడకు సిమెంటు పూయించి నేను నేర్చుకున్న పాఠమిది.

గారపని తెలిసిన మేస్త్రీలు తగ్గిపోతున్నారు. వారితోపాటు వారి మాటలూ పోతాయి. ఈ సెలవుల్లో అటువంటివారు ఒక్కరు దొరికినా కూర్చోబెట్టి, పనిముట్ల పేర్లు, కలిపే పాళ్ళు రాసుకొని రండి. సున్నాన్ని ఎన్నాళ్ళు నానవేసేవారో తప్పక అడగండి.